వెచ్చగా ఉంటుంది

ఆ ఊళ్లో తెల్లారగానే అందరి చెవినా మొదట పడేది చచ్చిపోయిన మనిషి గొంతు. అలా మొహాలు పెట్టకండి, ఉన్న మాటే చెబుతున్నాను. రేవులో స్తంభాలకీ, బస్టాండు చూరుకీ, అక్కణ్ణించి కొండ కనుమ దాకా వెళ్లే రోడ్డు పొడుగునా పల్లెకొకటి చొప్పున లౌడుస్పీకర్లు ఉండేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటిలోంచి ఒకావిడ వాతావరణం చెప్పేది. ముందు సముద్రం, తర్వాత కొండ. ఆవిడ చెప్పాకే పడవలవాళ్లు తాడు విప్పేవాళ్లు. ఆవిడ చెప్పాకే ఇల్లాళ్లు బట్టలు నానబెట్టేవాళ్లు. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అయినా రోజూ రెండు పూటలా, ఏమీ జరగనట్టు, "రేపు" అంటూ మొదలుపెట్టేది.

ఆవిడ మొగుడు వాతావరణ ఆఫీసులో అంచనాలు రాసేవాడు. ఎవరు పలకరించినా ముందు ఆకాశం వంక చూసి, ఆ తర్వాతే మనిషి వంక చూస్తాడని ఊరు అతనికి మబ్బులాయన అని పేరు పెట్టింది. ఆవిడా ఆ ఆఫీసులోనే పనిచేసేది. అతను రాసింది మైకు ముందు కూర్చుని చదివేది. రాసేది మొగుడు, చదివేది పెళ్లాం. "ఇంట్లో నేను చెప్తే మీరు రాసుకుంటారు, ఇక్కడే తిరగబడింది" అని నవ్వేది.

తర్వాత మెషిను వచ్చింది. రోజూ మనిషి చదవక్కర్లేదు, మాటలన్నీ విడివిడిగా ఒక్కసారి చదివి పెడితే చాలు, ఏ రోజుకు కావలసిన మాటలు ఆ రోజు మెషినే ఏరుకుని దండలా గుచ్చి చెబుతుందన్నారు. "నా ఉద్యోగం నేనే ఊడగొట్టుకోవడానికి మళ్లీ ఓవర్‌టైమా?" అంది ఆవిడ. అంటూనే కూర్చుంది. పాత సామాన్ల గది ఖాళీ చేయించి, చప్పుడు రాకుండా గోడలకి దుప్పట్లు వేలాడదీసి, తలుపు మూసుకుని చదివింది. గాలి. అలలు. పొగమంచు. కొండల మీద. సాయంత్రానికి. ఒక్కో మాటా ఒక్కో పూటది కాబట్టి ఒక్కోదానికి ఒక్కో రంగు అంటుకుంది. "గాలి" అన్నప్పుడు ఆవిడకి జలుబు. "అలలు" అన్నప్పుడు వరండాలో ఎవరో జారిపడ్డారు, నవ్వాపుకుంటూ చదివింది. అందుకే మెషిను ఆ రెండూ కలిపి చెబితే ఒకే వాక్యంలో ఆవిడ ముక్కు దిబ్బడేసి, వెంటనే తేరుకుని నవ్వేది. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లకి వెన్నులో చలి పుట్టేది. ఊరివాళ్లకి అలవాటైపోయింది.

"వెచ్చగా" అన్న మాట సంగతి మాత్రం చెప్పి తీరాలి. చదవడమంతా పూర్తయ్యే రోజు అది. గదిలో ఎముకలు కొరికే చలి. మబ్బులాయన శాలువా తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఆవిడ శాలువా అంచు మెడ దగ్గరికి లాక్కుని, కళ్లు సగం మూసుకుని, "వెచ్చగా ఉంటుంది" అంది. చదివిందో, అతనితోనే అందో ఎవరికి తెలుసు? మెషినుకి తెలిసింది ఒక్కటే, పట్టుకుని దాచుకుంది.

ఆ ఏడే ఆవిడకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చలికాలం దాటుతుందనుకున్నారు. దాటలేదు. ఆవిణ్ణి సాగనంపి జనం వెనక్కి వస్తుంటే సాయంత్రమైంది, రేవులో లౌడుస్పీకరు గరగరమంది. "రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది" అంది ఆవిడ. నడుస్తున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. ఒకతను చేతిలో చెంబు వదిలేశాడు. మెషిను ఆపాలని ఎవరికీ తట్టలేదు మరి. అందరూ చావు హడావిడిలో ఉన్నారు. మబ్బులాయన ఒక్కడే తలెత్తి, చివరి మాట దాకా విని, "సరే" అన్నాడు.

అప్పణ్ణించి అతని బతుకు అదీ. పొద్దున ఆఫీసుకెళ్లి అంచనా రాసి మెషినులో పెట్టడం, సాయంత్రం ఇంటికొచ్చి కిటికీ తెరిచి కూర్చుని ఆవిడ చెబుతుంటే వినడం. "ఔనా? గాలి అంత ఉంటుందా?" అని జవాబు కూడా ఇచ్చేవాడు. కింది వాటా ముసలమ్మకి వినపడేది. పాపం, విననట్టే ఉండేది. ఆ మాటలన్నీ ఒక కాపీ తీసుకుని ఇంట్లో పెట్టుకుని వినొచ్చు కదా అంటారేమో. అదీ చేశాడు. పనికిరాలేదు. పెట్టెలోని మాటలు ఎన్నిసార్లు విన్నా నిన్నటివే. లౌడుస్పీకరులో అలా కాదు, రేపటి సంగతి చెప్పేది. చచ్చిపోయినవాళ్లెవరూ కొత్త మాట చెప్పరు. ఆవిడ చెప్పేది. మనిషిని పట్టి ఉంచడానికి అంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఎక్కడంటే, ఆవిడ చదివిన మాటలు ఆవిడ చదివినన్నే. ఆకాశానికి ఆ లెక్క తెలియదు కదా. ఒక ఏడు వడగళ్లు పడేలా ఉన్నాయి. వడగళ్లన్న మాట ఆవిడ చదవలేదు. మబ్బులాయన "జోరు వాన" అని రాసి ఊరుకున్నాడు. నిమ్మకాయలంత వడగళ్లు పడి ఊళ్లో సగం కిటికీలు పగిలాయి. తేలు కుట్టిన దొంగలా మాట్లాడకుండా పోయి తనూ రెండు అద్దాలు వేయించుకున్నాడు. మిగతా ఊళ్లన్నిటిలోనూ పై ఆఫీసువాళ్లు ఎప్పుడో కొత్త గొంతు పెట్టారు, దాంట్లో లేని మాట లేదు. పై ఆఫీసు పెద్దాయన ఏటా ఫోను చేసి, "ఏమయ్యా, మీ పాత గొంతుకి మాటలు చాలుతున్నాయా?" అని అడిగేవాడు. "పుష్కలంగా ఉన్నాయండీ" అనేవాడు మబ్బులాయన. "చూడు మరి. ఎప్పుడైనా మనిషి నోటితో హెచ్చరిక చెప్పాల్సొచ్చిందంటే, అది చాలనట్టే. మర్నాడే తీయించేస్తాను." "అంత అవసరం రాదండీ." ఇదీ వరస.

అలా అలా అతనికొక జబ్బు పట్టుకుంది. ఆకాశాన్ని చూసి మాటలు వెతికేవాడు కాస్తా, ఆవిడ మాటల్ని చూసుకుని ఆకాశాన్ని వాటిలో సర్దడం మొదలుపెట్టాడు. అందులోనూ చలికాలం చివర్లో సందు దొరికితే చాలు, "వెచ్చగా ఉంటుంది" అని తగిలించేవాడు.

ఇదంతా తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ చెల్లెలు. ఆ మరదలు కనుమ దారిలో బస్సు నడిపేది. మనిషి చూస్తే బక్కగా ఉంటుంది, హారన్ కన్నా నోరు పెద్దది. లౌడుస్పీకరు మోగే వేళకి బస్సు ఎక్కడున్నా ఇంజను రయ్యిరయ్యిమనిపించి ఆ గొంతు చెవిన పడకుండా చూసుకునేది. ప్రయాణికులు గొణిగితే, "వాతావరణం కావాలంటే తల బయటపెట్టి చూసుకోండి, టిక్కెట్టు అడగను" అనేది.

అక్క పోయిన నాలుగో ఏడు కొండ మీద ఎన్నడూ లేనంత మంచు పడింది. కనుమ దారి మూసేశారు. అవతలి లోయ నుంచి కూరగాయలు రాక, ఇవతలి నుంచి చేపలు పోక, జనం చలికాలం ఎప్పుడు పోతుందా అని కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. ఏటా ఆ రోజుల్లోనే ఆఫీసు ఒక పెద్ద అంచనా చెప్పేది: చలికాలం చివర సముద్రం మీదా, కొండల మీదా ఎలా ఉండబోతోందో. దాన్నిబట్టే కనుమ ఎప్పుడు తెరవాలో రోడ్లవాళ్లు తేల్చుకునేవాళ్లు.

మబ్బులాయన పటాలన్నీ పరిచి చూశాడు. సముద్రం మీంచి తడిగాలి బయల్దేరబోతోంది. వెచ్చని గాలి, వాన మోసుకొచ్చే గాలి. అది నేరుగా వెళ్లి ఆ మంచుగుట్టల మీద పడుతుంది. మంచు మీద వాన పడితే ఏమవుతుందో అతనికి తెలియనిది కాదు. "కొండల మీద మంచుచరియలు విరిగిపడతాయి" అని మెషినులో పెట్టాడు. పెట్టి, ఎలా వస్తుందో చూద్దామని గదిలోని చిన్న స్పీకరులో వేసి చూశాడు.

"కొండల మీద" అంది ఆవిడ. అని ఆగిపోయింది. ఊపిరి పీల్చుకున్నంత సేపు చడీ చప్పుడూ లేదు. ఆ తర్వాత మెషిను టక్కుమంది.

ఆ మాట ఆవిడ దగ్గర లేదు. ఆ ఊరి జనం ఎరిగినంతలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు, అందుకే అప్పట్లో ఎవరూ రాయించలేదు. "ప్రమాదం" అన్న మాట కూడా లేదు. జనం బెదిరిపోతారని అప్పటి పెద్దాయన కొట్టేయించాడు. మబ్బులాయన ఆ ఖాళీని మళ్లీ ఒకసారి విన్నాడు. ఆవిడ చెప్పలేక నోరు తెరిచి నిలబడ్డట్టు అనిపించింది. ఇంక వినలేకపోయాడు. ఆ ముక్క తీసేశాడు. గాలి పక్కకి తప్పుకోవచ్చు కదా అనుకున్నాడు. మంచు కరుగుతుందన్నది మాత్రం అబద్ధమా అనుకున్నాడు. మనిషి తనకి కావలసింది తను అనుకోవడం మొదలుపెడితే బ్రహ్మదేవుడు కూడా అడ్డుకోలేడు.

ఆ సాయంత్రం ఊరంతా చెవులు రిక్కించి విన్నది ఇదీ: "కొండల మీద మంచు కరుగుతుంది. వెచ్చగా ఉంటుంది." శాలువా కప్పుకున్నప్పటి ఆ గొంతుతో, కళ్లు సగం మూసుకున్నప్పటి ఆ గొంతుతో. ఇంకేముంది! రేవులో ఈలలు వేశారు. ఆవిడ అంత హాయిగా చెప్పడం ఎప్పుడూ వినలేదన్నారు. రోడ్లవాళ్లు వారం తిరక్కుండా కనుమ తెరిచేస్తున్నామన్నారు. మొదటి బస్సు మరదలిది.

వెళ్లే ముందు రోజు మరదలు బావ ఇంటికి వచ్చింది. ఏనాడూ వాతావరణం అడగనిది, ఆ రోజు అడిగింది.

"దారి బాగుంటుందా బావా?"

"విన్నావుగా, చెప్పింది."

"నేను వినను, నీకు తెలుసు. చచ్చిపోయిన మా అక్కని ఊరి నడిమధ్య నిలబెట్టి రెండుపూటలా చాకిరీ చేయిస్తున్నావు. నేను నిన్నడుగుతున్నాను. నువ్వు చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి "రేపు" అని వినపడింది. మరదలు చెవులు మూసుకుని, మెట్లు దబదబా దిగి వెళ్లిపోయింది. అతను మాత్రం కూర్చుని చివరిదాకా విన్నాడు. మనిషన్నవాడు చేసే పనేనా అది? వెనకాలే పరిగెత్తి ఒక్క ముక్క చెప్పొద్దూ? కానీ అతని కాళ్లు లేవలేదు. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం అతనికి ఈ నాలుగేళ్లలో అలవాటు లేదు.

తెల్లారి ఆఫీసుకి వెళ్లేసరికి గాలి మారిపోయింది. కోటు వేసుకుంటే చెమట పోస్తోంది. పొద్దుటి అంచనా అప్పటికే మోగిపోయింది, మెషినుకి ముందురోజే పెట్టి ఉంచాడుగా. బస్టాండులో చప్పట్ల మధ్య బస్సు కదిలిపోయింది. మబ్బులాయన కిటికీలోంచి కొండ వంక చూశాడు. శిఖరం మీద తెల్లగా ఉండాల్సిన మబ్బు నల్లగా, బరువుగా, కిందికి జారి కూర్చుంది. అక్కడ పడుతోంది మంచు కాదు, వాన. కొండ మీద పెట్టిన సాధనం చెబుతున్న వేడి చూడగానే వరండాలోకి పరిగెత్తాడు.

"స్క్రూడ్రైవరూ!" అని కేకేశాడు. మెషిను బాగుచేసే అతన్ని జేబులో ఉండే వస్తువుతోనే పిలుస్తారు అందరూ. అతను పరిగెత్తుకొచ్చాడు.

"ఏదో ఒకటి చెప్పించాలి. ఆపించాలి వాళ్లని."

ఇద్దరూ కూర్చుని ఆవిడ మాటలన్నీ తిరగేశారు. కొండల మీద, భారీ మంచు, జోరు వాన, వెచ్చగా. ఎటు తిప్పి గుచ్చినా జోలపాటే వస్తోంది. హెచ్చరిక లాంటిది ఒక్కటంటే ఒక్కటే ఉంది, అదీ ఆవిడ ఒకే ఊపిరిలో చదివింది: "సముద్రం ఉగ్రంగా ఉంటుంది, పడవలు కట్టేసుకోండి."

"కొండ మీద పడవలెక్కడివండీ?" అన్నాడు స్క్రూడ్రైవర్. ఇంకోరోజైతే నవ్వేవాళ్లే.

మబ్బులాయన మళ్లీ "కొండల మీద" వేశాడు. ఆవిడ అంది, ఆగింది. ఆ ఖాళీలోకి మొహం వంచి, "ఒక్క మాట చెప్పవే. మీ చెల్లెలే అక్కడుంది. ఒక్క మాట" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఒక అడుగు వెనక్కి వేశాడు, ఎందుకంటే బతిమాలే ఆ తీరు చూస్తే ఎవరో అవతల నిలబడి వింటున్నట్టే ఉంది. చెవి దగ్గరగా పెడితే ఆ ఖాళీలో నిజంగానే ఊపిరి వినిపిస్తోందని అతను తర్వాత చాలామందితో అన్నాడు. ఊపిరే వచ్చింది. మాట రాలేదు.

"మైకు తియ్యి" అన్నాడు మబ్బులాయన.

"మైకా? మీరు మాట్లాడతారా?" స్క్రూడ్రైవర్ అతని మొహంలోకి చూశాడు. "తెలిసే అంటున్నారా సార్? పై ఆఫీసువాళ్లు రేపే వచ్చి ఆవిణ్ణి..."

"తెలుసు. తియ్యరా బాబూ, తొందరగా."

మైకు మీది గుడ్డ తీస్తే దుమ్ము లేచింది. మెషిను ఆపితే తప్ప మైకు పనిచేయదు. ఆపే మీట మీద మబ్బులాయన చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "తప్పదే" అని, మీట నొక్కేశాడు. నాలుగేళ్లుగా వెలుగుతున్న పచ్చదీపం ఆరిపోయింది.

ఊళ్లో, రేవులో, కొండదారిలో వేళగాని వేళ లౌడుస్పీకర్లు గరగరమన్నాయి. ఎవరిదో బొంగురు గొంతు వినపడింది.

"కనుమ దారి ఎక్కుతున్నవాళ్లు ఆగండి. ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి. మంచు మీద వాన పడుతోంది. మంచుచరియలు విరిగిపడతాయి. ఇది వాతావరణ ఆఫీసు. పొద్దున మీరు విన్నది తప్పు. ఆ తప్పు నాది. ఆవిడది కాదు."

అదే మళ్లీ చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు. ఈలోగా ఫోను మోగడం మొదలైంది. స్క్రూడ్రైవర్ తీసి వింటూనే తెల్లబోయి, రిసీవర్ అతనికి అందించాడు.

"ఎవడివయ్యా నువ్వు?" అవతల రోడ్లవాళ్ల పెద్ద. "లారీలన్నీ బయల్దేరాయి. నీ ఇష్టమొచ్చినట్టు మైకు పట్టుకుని అరిస్తే దారి మూసేయాలా? ఆవిణ్ణి పిలువు. ఆవిడతో చెప్పించు, అప్పుడు మూస్తాను."

"ఆవిడ లేదండీ."

"లేదంటే? ఎక్కడికెళ్లింది?"

ఆ మనిషి ఆవిణ్ణి సాగనంపడానికి వచ్చినవాడే. ముందు వరసలో నడిచినవాడే.

"చచ్చిపోయిందండీ" అన్నాడు మబ్బులాయన. "మా ఆవిడ చచ్చిపోయింది."

అవతల "అవును... అవును కదూ" అని మెల్లగా వినపడింది. ఫోను పెట్టేశారు.

కొండదారిలో ఏం జరిగిందో తర్వాత మరదలే చెప్పింది. కనుమకి దిగువన ఆఖరి పల్లెలో జనం టీలు తాగడానికి దిగారట. అది అంచనా మోగే వేళ కాదు కాబట్టి ఇంజను ఆపి నిశ్చింతగా కూర్చుందట. లౌడుస్పీకరులో బావ గొంతు వినపడేసరికి సీట్లోంచి లేచి నిలబడిందట. ఏం చెబుతున్నాడో సగం చెవినే పడలేదు. "మంచు, వాన అంటున్నాడు, అవన్నీ నాకెందుకు? అక్క నోరు మూసి బావ మాట్లాడుతున్నాడు, అదీ విన్నాను. చస్తే ఆ పని చేయడే! చేశాడంటే పైన మా చావు కూర్చుని ఉందన్న మాటే." బస్సు తీసి రోడ్డుకి అడ్డంగా పెట్టి, తాళంచెవి జాకెట్లో దోపుకుని మెట్టు మీద కూర్చుంది.

ఎన్ని తిట్లు తిందో లెక్క లేదు. ప్రయాణికులు తిట్టారు. వెనక వచ్చిన లారీలవాళ్లు హారన్లు మోగించి చెవులు చిల్లులు పడేలా చేశారు. "ఆ చెప్పిందెవరో తాగుబోతు, ఆవిడైతే వెచ్చగా ఉంటుందని చెప్పింది కదా" అన్నారు. చేపల లారీ అతను ఒకడు బస్సుకీ రోడ్డు పక్క గోడకీ మధ్య సందులోంచి లారీని దూర్చి, ఆమె వంక చెయ్యూపి వెళ్లిపోయాడు. ఆ వెళ్లడం రెండు మలుపులు వెళ్లాడో లేదో, కొండ కదిలింది. మొదట ఉరుమనుకున్నారు. ఉరుమైతే ఆగుతుంది, ఇది ఆగలేదు. తెల్లటి దుమ్ము లేచి బస్సు అద్దాలన్నీ కప్పేసింది. అది తేలిపోయాక చూస్తే ఎదురుగా రోడ్డన్నది లేదు. తిట్టినవాళ్లంతా ఆమె చుట్టూ ఎందుకో ముడుచుకుని కూర్చున్నారు.

లారీ అతన్ని సాయంత్రానికి తవ్వి బయటికి తీశారు. భుజం ఎముకా కాలూ విరిగాయి, ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో అందరినీ అదే అడిగాడట: "ఆవిడ ఎందుకు చెప్పలేదు? ఆవిడ చెబితే ఆగేవాణ్ణి కదా!"

మర్నాడు పై ఆఫీసువాళ్లు చెప్పినట్టే వచ్చారు. మెషిను విప్పి, పాతవి తీసి, కొత్తవి పెట్టి వెళ్లారు. మబ్బులాయన పక్కనే నిలబడి చూశాడు. పొద్దు గూకుతుండగా ఇంటికొచ్చి కూర్చున్నాడు. కిటికీ తెరవలేదు.

మరదలు వచ్చింది. కొండ దిగి వచ్చింది వచ్చినట్టే ఉంది, జుట్టులో మట్టి. వస్తూనే అందుకుంది.

"నీకు ముందే తెలుసు కదూ? నేనొచ్చి అడిగినప్పుడు నీకు తెలుసు. నా మొహం చూసి కూడా చెప్పలేదు."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆ మాట మీ అక్క దగ్గర లేదు."

"అయితే? మాట లేకపోతే మనుషుల్ని చంపేస్తావా? బస్సులో చంటిపిల్లలున్నారు బావా! ఆ లారీ అతనికి ముగ్గురు పిల్లలట! నీకు మా అక్క గొంతు కావాలని మేమంతా..." కోపంతో ఊపిరి అందక ఆగింది. అతను తల వంచుకుని ఉన్నాడు. కొట్టినా పడేటట్టు ఉన్నాడు. అప్పుడు మూసిన కిటికీ అవతల లౌడుస్పీకరు మోగింది.

"రేపు" అంది ఎవరో. ఎవరో చదువుకున్న పిల్ల. గొంతు శుభ్రంగా ఉంది. జలుబు లేదు, నవ్వు లేదు. సముద్రం గురించి చెప్పింది, కొండ గురించి చెప్పింది, "మంచుచరియలు" అన్న మాట తడబడకుండా పలికింది. అంతా చెప్పి ఆగిపోయింది.

మరదలు కిటికీ వంకే చూస్తూ నిలబడిపోయింది. చెవులు మూసుకోవడానికని ఎత్తిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"బావా, అక్క పోయింది" అంది, ఆ కబురు ఎవరో ఇప్పుడే తెచ్చినట్టు. నేల మీద కూలబడింది. నాలుగేళ్ల నాడు బస్సు ఇంజను చప్పుడులో దాచేసుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది, గుండెలు బాదుకుని, అక్కా అక్కా అని. మబ్బులాయన వచ్చి ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి అతనూ ఏడ్చాడు.

తలుపు దగ్గర అలికిడైంది. కింది వాటా ముసలమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక మెట్ల మీద రేవులోని పడవలవాళ్లు, వాళ్ల వెనక స్క్రూడ్రైవర్, రోడ్లవాళ్ల పెద్ద, ఇంకా ఎవరెవరో. చెప్పులు కిందే విప్పి వచ్చారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఆ కొత్త గొంతు విని ఎవరి ఇంట్లోంచి వాళ్లు లేచి వచ్చారు.

"విన్నాం నాయనా" అంది ముసలమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "ఎంత ఘోరం జరిగిపోయింది."

మబ్బులాయన కళ్లు తుడుచుకుని లేచాడు. గోడకి చేర్చి ఉన్న చాప తీసి పరిచాడు.

"అవునమ్మా" అన్నాడు. "నిన్న పొద్దున పోయింది."

ఎవరూ కాదనలేదు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.